మూడు కొటేషన్ చీటీలు: గుణదోషాలు

విమర్శ అంటే తిట్టడం కాదు, గుణం, దోషం రెండూ చూసి చెప్పడం అని తెలుగు పిరియడ్‌లో నేర్చుకున్నాం. పద్యానికీ కథకీ మాత్రమే విమర్శ రాయాలని ఎక్కడా లేదు. అందుకని నేను ఒక కాగితాన్ని తీసుకుంటున్నాను. అది కంప్యూటర్ అంగట్లో రాసిచ్చే కొటేషన్ చీటీ. అర పేజీ కూడా ఉండదు. కానీ మాలాంటి ఇళ్లలో ఏడాదిన్నర కట్టిన చీటీ డబ్బు ఈ అర పేజీని నమ్మి ఖర్చవుతుంది. మా నాన్న లోడ్ ఆటో నడుపుతారు. చీటీ పాడితే చేతికి వచ్చేది 40,000 రూపాయలు. అందులో నాకొక గేమింగ్ కంప్యూటర్, మా అక్క బీకాం చదువుకి ఒక కంప్యూటర్, రెండూ ఒకే సెట్టులో రావాలి. కాబట్టి ఈ చీటీలను నేను పరీక్షకి చదివినట్టే చదివాను.

చెన్నైలో కంప్యూటర్ సామాన్లంటే అందరూ అణ్ణాసాలై పక్కనున్న రిచ్చీ స్ట్రీట్‌కే పోతారు. అక్కడ రెండు అంగళ్లలో రెండు చీటీలు తీసుకున్నాను. మూడోది నా స్నేహితుడు ఒక వీడియో చూసి నోట్‌బుక్కులో రాసుకున్న జాబితా. అంగళ్ల పేర్లు రాయను. ఇవి ఒక అంగడి చీటీలు కావు, ఏ అంగట్లోనైనా దొరికే రకాలు.

మొదటి చీటీలో పెద్ద అక్షరాలతో ‘ఐ7, 16 జీబీ, 1 టీబీ’ అని ఉంది. మూడింట్లో ఇదే అన్నిటికంటే చవక. మా నాన్నకి చూపిస్తే వెంటనే, “ఐ7 అంటే పెద్దది గదరా, ఇంకేం ఆలోచన?” అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. 3 కంటే 5, 5 కంటే 7 పెద్దవని ఎవరైనా అనుకుంటారు. చీటీ రాసేవాళ్లకి కూడా ఆ సంగతి తెలుసు.

ఐ7 పక్కన చిన్నగా 2600 అని ఉంది. చదవాల్సింది ఆ అంకెనే. ఐ7 2600 అనే ప్రాసెసర్ 2011లో వచ్చింది. నేను ఎల్‌కేజీలో చేరకముందు సంగతి. దానికి 4 కోర్లు, 8 థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3 12100కి కూడా 4 కోర్లు, 8 థ్రెడ్లే. లెక్క ఒకటే, కానీ మధ్యలో పదకొండేళ్లు ఉన్నాయి. ఒక్కొక్క కోరు చేసే పని చూస్తే కొత్త ఐ3 పాత ఐ7ని చాలా దూరంలో వదిలేస్తుంది. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒక తరగతిలో ర్యాంకుల్లాంటివి. ఆ తరువాత వచ్చే అంకె ఏ సంవత్సరం బ్యాచ్చో చెబుతుంది. 2600లో మొదటి 2 అంటే రెండో తరం. 12100లో మొదటి 12 అంటే పన్నెండో తరం. పాత బ్యాచ్ ఫస్ట్ ర్యాంకునీ కొత్త బ్యాచ్ మూడో ర్యాంకునీ ఒకే పరీక్ష రాసినట్టు పోల్చకూడదు.

ప్రాసెసర్ పాతదైతే పక్కవన్నీ పాతవే. ర్యామ్ డీడీఆర్3. కొత్త సన్న ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ అలాంటి బోర్డుల్లో ఉండదు. చీటీలో 1 టీబీ అన్నది హార్డ్ డిస్క్, అది తిరిగే రకం, మెల్లగా చదువుతుంది. అన్నిటికంటే ముఖ్యం, విండోస్ 11కి కంపెనీ చెప్పిన అర్హతల జాబితాలో ఈ ప్రాసెసర్ లేదు. ఇంటెల్‌లో దాదాపు అన్నీ ఎనిమిదో తరం నుంచే ఉన్నాయి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. అంటే ఈ సెట్టు ఇంటికొచ్చిన రోజే దాని గడువు అయిపోయి ఉంటుంది.

దీనికి గుణం ఏమీ లేదా? ఉంది. టైపింగ్ నేర్చుకోవడానికి, లెక్కల పట్టికలు వేసుకోవడానికి, పాఠాలు చూడడానికి, హార్డ్ డిస్క్ తీసి ఒక చిన్న ఎస్ఎస్‌డీ వేసుకుంటే ఇది ఇంకా పనిచేస్తుంది. ‘పాత సెట్టు, ఆఫీసు పనికి’ అని రాసి అమ్మితే ఇది మంచి చీటీయే. గేమింగ్ అని రాయడమే దోషం.

రెండో చీటీ అన్నీ కొత్త సామాన్లతో ఉంది. ప్రాసెసర్ ఐ3 12100ఎఫ్. ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్కు. గ్రాఫిక్స్ కార్డు జీటీ 730, 4 జీబీ. ‘450 వాట్స్ ఎస్ఎంపీఎస్’. ముందు గాజు, లోపల రంగు లైట్లున్న క్యాబినెట్.

ప్రాసెసర్ మంచిది, దాన్ని ఒప్పుకోవాలి. కానీ చివర ఉన్న ఎఫ్ అక్షరం చూడండి. ఎఫ్ ఉంటే ఆ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేదని అర్థం. విడిగా కార్డు పెట్టకపోతే తెర మీద బొమ్మే రాదు. అందుకని అంగడివాళ్లు ఏదో ఒక కార్డు పెట్టాలి. పెట్టింది జీటీ 730. అది 2014లో వచ్చిన చిన్న కార్డు. దాని మీద 4 జీబీ అని రాస్తే పెద్ద కార్డు అనిపిస్తుంది. కానీ గ్రాఫిక్స్ కార్డుకి మెమరీ అంటే గోడౌన్ లాంటిది, పనిచేసే మనిషి వేరే. పని చేసేవాడు ఒక్కడే ఉంటే గోడౌన్ ఎంత పెద్దదైనా మూటలు తొందరగా దిగవు. ఈ మాట మా నాన్నకి వెంటనే అర్థమైంది, ఎందుకంటే లోడ్ దించడం ఆయనకి రోజూ పనే.

ఇక్కడ ఇంకో దారి ఉంది. రైజెన్ 5 5600జీ అనే ప్రాసెసర్ 2021లో వచ్చింది. 6 కోర్లు, 12 థ్రెడ్లు. దాని లోపలే వేగా 7 అనే గ్రాఫిక్స్ ఉంది. ఆ లోపలి గ్రాఫిక్సే ఈ జీటీ 730 కంటే బలమైంది. అంటే రెండో చీటీలో కార్డుకని రాసిన డబ్బు ఆటని వేగం చేయడానికి కాదు, తెర మీద బొమ్మ రావడానికి మాత్రమే ఖర్చవుతోంది. ఇది ఈ చీటీలో మొదటి దోషం.

రెండో దోషం ఎస్ఎంపీఎస్. అంగట్లో దాని స్టిక్కర్ చదివాను. పెద్దగా 450 అని ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు అని ఉంది. మా భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్నదే, వోల్టుని ఆంపియర్‌తో గుణిస్తే వాట్లు. 12 ఇంటూ 16 అంటే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాదాపు మొత్తం కరెంటు తీసుకునేది ఆ 12 వోల్టుల లైను నుంచే. రేపు డబ్బు కూడి ఆర్‌ఎక్స్ 6600 లాంటి కార్డు వేయాలనుకుంటే దానికి 132 వాట్లు, ప్రాసెసర్‌కి పేరు మీద 58, మొత్తం 190. ఫ్యాన్లు, డిస్కు లెక్కకి రాకముందే 192 దాదాపు నిండిపోయింది. 450 అని రాసిన పెట్టె 200 కూడా మోయలేకపోతోంది. పైగా కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరితే, చవక ఎస్ఎంపీఎస్ తాను పోవడమే కాదు, పక్కనున్న బోర్డుని కూడా తీసుకుపోగలదు. అన్ని సామాన్లకీ అన్నం పెట్టే దాన్ని అన్నిటికంటే చవకది కొనడం నాకు అర్థం కాని సంగతి. 80 ప్లస్ గుర్తు ఉన్నది, 12 వోల్టుల గడిలో 30 ఆంపియర్లకి పైన ఉన్నది అడగాలి.

మూడోది క్యాబినెట్. ముందంతా గాజు, గాలి పోవడానికి పక్కన సన్నని సందు. చెన్నైలో మే నెలలో గదే పొయ్యిలా ఉంటుంది. గాలి లేని పెట్టెలో ప్రాసెసర్ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. లైట్లు ఉన్నా లేకపోయినా ఆట ఒకటే, కానీ ముందు జాలీ, రెండు ఫ్యాన్లు ఉంటే ఆట ఆగకుండా సాగుతుంది. రంగు లైట్లు నాకూ ఇష్టమే. కానీ 40,000లో వాటికి చోటు లేదు.

ఇక మూడోది, వీడియో జాబితా. అందులో ప్రాసెసర్ రైజెన్ 5 5500, సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 8 జీబీ కార్డు. మూడు జాబితాల్లో ఆటకి అన్నిటికంటే బలమైనది ఇదే, అనుమానం లేదు. ఆటలో సెకనుకి ఎన్ని బొమ్మలు వస్తాయో చూపించే గ్రాఫులు కూడా ఆ వీడియోలో ఉన్నాయి. చీటీలకి లేని గుణం అది. అంగడి చీటీ ‘నమ్ము’ అంటుంది, వీడియో కనీసం ‘చూడు’ అంటుంది.

అయితే ఆ జాబితా ఢిల్లీ నెహ్రూ ప్లేస్ రేట్లతో వేసింది. మొత్తం దగ్గర ఆపిన సంఖ్యలో మానిటర్ లేదు, కీబోర్డు లేదు, విండోస్ లేదు, యూపీఎస్ లేదు. ఇంట్లో ఇవన్నీ ముందే ఉన్నవాళ్లకి వేసిన లెక్క అది. మొదటిసారి కొనే ఇంటికి అది సగం లెక్కే. పెళ్లికి ఖర్చు రాసి భోజనాలు వదిలేసినట్టు.

కార్డు విషయం కూడా ఉంది. ఆర్‌ఎక్స్ 580 2017లో వచ్చింది. క్రిప్టో నాణేల తవ్వకానికి రాత్రింబగళ్లు నడిపిన కార్డులు ఈ రకంలో చాలా ఉన్నాయి. ఏది అలా నడిచిందో ఏది నడవలేదో బయటనుంచి చూసి చెప్పలేం. పైగా 2048ఎస్‌పీ అనే ఇంకో రకం ఉంది. అసలు ఆర్‌ఎక్స్ 580లో 2304 ప్రాసెసర్లుంటే ఇందులో 2048 ఉంటాయి. పెట్టె మీద పేరు మాత్రం 580 అనే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఆ చివరి అక్షరాలు చూడాలి.

కరెంటు సంగతి ఏ వీడియోలోనూ నేను చూడలేదు. ఈ కార్డుకి 185 వాట్లు, ప్రాసెసర్‌కి 65, కలిపి 250. రోజుకి రెండు గంటలు, 60 రోజులు అంటే 30 యూనిట్లు. 5600జీ ఒక్కటే ఉన్న సెట్టు 100 వాట్లు తీసుకుంటుందనుకుంటే 12 యూనిట్లు. తమిళనాడులో ఇళ్ల బిల్లు రెండు నెలలకొకసారి వస్తుంది, మొదటి 100 యూనిట్లు ఉచితం. ఫ్రిజ్, ఫ్యాన్లు ఉన్న ఇంట్లో ఆ వంద ఎప్పుడో దాటి ఉంటుంది కాబట్టి తేడా వచ్చే 18 యూనిట్లకీ డబ్బు కట్టాల్సిందే. పెద్ద మొత్తమేం కాదు. కానీ ప్రతి బిల్లులో వస్తుంది, ఆ బిల్లు కట్టేది నేను కాదు.

మూడింట్లోనూ కామన్‌గా ఉన్న దోషాలు కొన్ని ఉన్నాయి.

ఒకటి, చీటీ మీద తేదీ లేదు. 2025 మే నెలలో ఒకసారి రేట్లు అడిగాను, డిసెంబరులో మళ్లీ అడిగాను. ర్యామ్ గడిలో అంకె రెట్టింపు దాటింది. మెమరీ తయారుచేసే కంపెనీలు ఏఐ సర్వర్లకి ఎక్కువ పంపుతుండడంతో మనలాంటివాళ్లు కొనే ర్యామ్ ప్రియమైంది. ఎక్కడో డేటా సెంటర్ కడితే మా చీటీ డబ్బు చాలకుండా పోయింది. కాబట్టి తేదీ లేని చీటీకి విలువ లేదు.

రెండు, ర్యామ్ ఎన్ని స్టిక్కులో ఎవరూ పట్టించుకోలేదు. 16 జీబీ ఒకటి, 8 జీబీ రెండు, కూడితే సమానమే. పనిలో సమానం కాదు. డీడీఆర్4 3200 స్టిక్కు ఒకటే ఉంటే సెకనుకి 25.6 జీబీ దారి ఉంటుంది. రెండు స్టిక్కులు సరైన స్లాట్లలో పెడితే 51.2. విడిగా కార్డు లేకుండా ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ఇదే ర్యామ్‌ని వాడుకుంటుంది. ఒకటే స్టిక్కుతో 5600జీ కొంటే సగం మూసిన దారిలో బండి నడిపినట్టే.

మూడు, బిల్లు. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం తంబీ’ అని అడగకుండానే చెప్పారు. కంప్యూటర్ సామాన్ల మీద జీఎస్టీ 18 శాతం. 10,000 సామానుకి 1,800. ఆశ పుడుతుంది, నిజమే. కానీ రేపు బోర్డు పోతే వారంటీకి అడిగేది ఆ బిల్లునే. సీరియల్ నంబరు రాసిన బిల్లు కూడా ఒక సామానే అనుకొని కొనాలి.

నాలుగు, విండోస్. చీటీల్లో ‘ఓఎస్ ఫ్రీ’ అని రాశారు. విండోస్ ఫ్రీ కాదు. లైసెన్స్ లేకుండా వేసేదాన్ని ఫ్రీ అంటున్నారు. స్కూల్ పత్రికలో దీన్ని సమర్థించి రాయలేను. లైనక్స్ నిజంగానే ఉచితం. అందులో లెక్కల పట్టికలు వేసుకోవచ్చు, మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఆడొచ్చు. కానీ మా స్నేహితులందరూ ఆడే వాలరంట్ లైనక్స్‌లో నడవదు. ఈ సంగతి కూడా చీటీలో ఉండాలి.

ఇప్పుడు గుణం గురించి. చీటీ రాసిచ్చిన పెద్దాయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. లాప్‌టాప్ కొంటే లోపల దేనికి ఎంత డబ్బో ఎవరూ చెప్పరు. చీటీలో ప్రతి సామానుకీ వేరే రేటు ఉంటుంది. నచ్చనిది కొట్టేసి వేరేది రాయమనొచ్చు. నేను 12 వోల్టుల గడి చూపించి అడిగితే ఆయన కోప్పడలేదు. “అందరూ మొత్తమే అడుగుతారు, గడి ఎవరూ అడగరు” అన్నారు. ఆ మాట నిజమే అనిపించింది. మనం ‘మొత్తం ఎంత?’ అని మాత్రమే అడిగితే, మొత్తం తగ్గేట్టు చీటీ రాస్తారు. ఎక్కడ తగ్గించాలో మనకి కనపడని చోట తగ్గిస్తారు. ఎస్ఎంపీఎస్, ర్యామ్ స్టిక్కులు, బోర్డు, ఇవన్నీ పెట్టె లోపల ఉంటాయి. బయట కనపడేది గాజు, లైటు, ఐ7 అనే స్టిక్కరు. చీటీలో దోషానికి కొనేవాళ్ల వాటా కూడా ఉంది.

మూడు చీటీలూ పక్కన పెట్టి నేను రాసుకున్న జాబితా ఇది. రైజెన్ 5 5600జీ. ఎం.2 స్లాట్, రెండు ర్యామ్ స్లాట్లున్న బీ450 బోర్డు. ఆ బోర్డు ఈ ప్రాసెసర్ కంటే పాతది కాబట్టి బయాస్ అప్‌డేట్ చేసి, అక్కడే ఆన్ చేసి చూపించమనాలి. 8 జీబీ ర్యామ్‌లు రెండు. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. 80 ప్లస్ గుర్తున్న 450 వాట్ల ఎస్ఎంపీఎస్. జాలీ ఉన్న మామూలు క్యాబినెట్. చిన్న మానిటర్, కీబోర్డు, మౌస్.

దీనికీ దోషాలున్నాయి, చెప్పకపోతే విమర్శ కాదు. పెద్ద కొత్త ఆటలు ఇందులో సాఫీగా నడవవు. సెట్టింగులు తగ్గించి తేలికైనవి ఆడుకోవాలి. 5600జీ పీసీఐఈ 3.0 వరకే. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డు 4 లేన్లే వాడుతుంది కాబట్టి ఇక్కడ దాని బలం తగ్గుతుంది. రేపు కార్డు కొనేటప్పుడు 8 లేన్లున్న ఆర్‌ఎక్స్ 6600 లాంటిది చూడాలి. పైగా ఈ ఏఎం4 రకం బోర్డుల కాలం అయిపోవస్తోంది, 2022లోనే ఏఎం5 వచ్చేసింది. కానీ ఏఎం5కి డీడీఆర్5 ర్యామ్ కావాలి, మా 40,000 దాకా అది దిగిరాదు.

ఇంట్లో ఈ జాబితా చదివి వినిపించాను. అమ్మ ఒకటే ప్రశ్న అడిగింది: “చదువుకా, ఆటకా?” ఆటకి కూడా అన్నాను. చదువుకి మాత్రమే అయితే మొదటి చీటీ సెట్టే చాలు, ఎస్ఎస్‌డీ మార్చుకుంటే సరి. ఆట కోసం అని చెప్పకుండా చదువు పేరు పెట్టి ఎక్కువ డబ్బు అడగడం నాకిష్టం లేదు. ఎంత ఎక్కువో, ఎందుకెక్కువో కాగితం మీద ఉంది, ఆమె చూసి చెప్పొచ్చు. అక్క ఇంకో మాట అంది. దాని కాలేజీ పని సగంలో ఉండగా కరెంటు పోతే పోయినట్టే, కాబట్టి యూపీఎస్ ముందు కావాలంది. చాలా 600 వీఏ యూపీఎస్‌ల మీద 360 వాట్లు అని ఉంటుంది, మా సెట్టుకి అది చాలు. దానికోసం విండోస్‌ని జాబితా నుంచి తీసేశాం. అంటే లైసెన్స్ డబ్బు కూడేదాకా లైనక్స్, వాలరంట్ లేదు. ఇది నాకు కష్టమే, కానీ లెక్కలో అక్క మాట సరైనది.

ఈ వ్యాసం తెలుగులో రాయడానికి కారణం ఒకటుంది. అంగట్లో మాట తమిళంలో, చీటీ ఇంగ్లీషులో, వీడియో హిందీలో. డబ్బు ఇచ్చే మా అమ్మానాన్నలు చదివేది తెలుగు. వాళ్లు చదవలేని కాగితానికి వాళ్లు డబ్బు కట్టకూడదు. మీ ఇంట్లో ఎవరైనా సెట్టు కొనబోతుంటే చీటీని తెలుగులో తిరగరాసి పెద్దవాళ్ల ముందు పెట్టండి. ఐదు ప్రశ్నలు అడగండి: ప్రాసెసర్ ఏ సంవత్సరానిది? చివర ఎఫ్ ఉందా? ర్యామ్ ఎన్ని స్టిక్కులు? ఎస్ఎంపీఎస్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు? సీరియల్ నంబరుతో బిల్లు ఇస్తారా? జవాబులు చీటీ మీదే రాయించుకోండి, తేదీతో సహా. మా చీటీ పాట వచ్చే నెలలో ఉంది. అప్పటికి ర్యామ్ రేటు మారితే నా జాబితాకి కూడా తేదీ మార్చి మళ్లీ రాసుకుంటాను.